నిద్ర ఋణము

60 ఏండ్లు జీవించిన మానవుడు అందులో ఇంచుమించు 20 ఏండ్లు నిద్రలోనే గడపును. ఇంత కాలము వ్యర్థమయ్యెనే యని విచారించువారు గలరు. నిద్ర తగ్గించుకొన్నవానికే విద్య అబ్బునని పెద్దలు పలుమారు చెప్పుచుందురు. పరీక్షల దినములలో తెల్లవార్లు మేల్కొని చదివిన బాలుని ఇరుగుపొరుగువారు సైతము మెచ్చుకొందురు. తరగతిలో కునుకు తీసిన బాలుడు మాత్రము సోమరి యని పేరు తెచ్చుకొనును. షోలాపురమున తరతరములుగా స్థిరపడిన మన తెలుగు కుటుంబములలో పగలనక రాత్రియనక మరమగ్గముల కడ శ్రమించి బిడ్డలను చదివించుకొనువారు పెక్కుమంది గలరు. అట్టి యిండ్లలో నిద్ర యనునది కలవారి భోగముగా తోచుట సహజమే. ఈ తలంపు ఎంతవరకు సరియైనదో, నిద్ర తగ్గినచో దేహమునకును చదువునకును కలుగు నష్టమేమో, నిద్రకు సంబంధించిన వ్యాధులేవో, వానికి చేయదగినదేమో ఈ వ్యాసమున తెలిసికొందము.

మన పూర్వులు నిద్రను తక్కువగా చూడలేదు. చరకసంహిత ఆహారమును, నిద్రను, బ్రహ్మచర్యమును దేహమును నిలుపు మూడు ఉపస్తంభములుగా పేర్కొన్నది. మన తెలుగు పలుకుబడియు నిద్రను ఎంతో సూక్ష్మముగా గమనించినది. కూర్చున్నచోటనే తల వాలుట తూగు. కొద్దిసేపు కన్ను మూతపడుట కునుకు. మేల్కొనియు మేల్కొననట్లుండుట మగత. చిన్న సవ్వడికే మెలకువ వచ్చునది కోడినిద్ర. నడుమ నడుమ చెదరునది కలతనిద్ర. పిలిచినను పలుకనిది మొద్దునిద్ర. ఇన్ని మాటలు కల్పించుకొన్న జాతి నిద్ర యంతయు ఒక్క తీరుగా నుండదని ఎరిగియే యుండవలెను. ఆధునిక శాస్త్రము చెప్పునదియు ఇదియే.

నిద్రలో జరుగునదేమి?

దీపము ఆర్పినట్లు నిద్రలో మెదడు పని మానుకొనునని చాలకాలము తలచిరి. జర్మనీ దేశపు వైద్యుడు హాన్స్ బెర్గర్ 1924 లో మానవుని మెదడునందలి సన్నని విద్యుత్తరంగములను గీతలుగా నమోదు చేసి, 1929 లో ఆ సంగతి ప్రకటించెను. అప్పటినుండి నిద్రించువాని మెదడును రాత్రి పొడవునను పరిశీలించుటకు వీలు కలిగెను. 1953 లో అమెరికాలోని షికాగో విశ్వవిద్యాలయమునందు యూజీన్ అసెరిన్‌స్కీ, నథానియేల్ క్లైట్‌మన్ అనువారు, నిద్రించువారి కనుగ్రుడ్లు మూసిన రెప్పల క్రింద కొన్ని వేళలలో వడిగా కదలుచుండునని ప్రకటించిరి. ఆ వేళలో లేపినచో పెక్కురు తాము కల గనుచుంటిమని చెప్పిరి.

దీనినిబట్టి నిద్ర రెండు విధములని తేలినది. మొదటిది నిశ్చలనిద్ర. ఇందు తేలికనిద్ర, నడిమినిద్ర, గాఢనిద్ర యని మూడు మెట్లు గలవు. గాఢనిద్రలో మెదడు తరంగములు పెద్దవిగను, మెల్లగను సాగును, గుండె నెమ్మదించును, రక్తపుపోటు తగ్గును, పిల్లల ఎదుగుదలకు కావలసిన హార్మోను హెచ్చుగా ఊరును. రెండవది స్వప్ననిద్ర. ఇందు మెదడు మెలకువలో వలెనే చురుకుగా నుండును. కాని కన్నులను కదలించునవి, ఊపిరి నడుపునవి తప్ప తక్కిన పెద్ద కండరములు పట్టు విడిచి కదలకుండును. కలలో పరుగెత్తువాడు మంచము దిగి పరుగెత్తకుండుటకు ఈ కట్టుబాటే కారణము.

ఈ రెండును ఒకదాని వెంట ఒకటి వచ్చుచు, సుమారు 90 నిమిషములకు ఒక ఆవృత్తము పూర్తియగును. రాత్రికి ఇట్టివి నాలుగైదు నడచును. గాఢనిద్ర రాత్రి మొదటి భాగమున హెచ్చు. స్వప్ననిద్ర తెల్లవారుజామున హెచ్చు. కావున రాత్రి 10 గంటలకు పరుండి 3 గంటలకే లేచిన విద్యార్థి పోగొట్టుకొన్నవి కొన్ని గంటలు మాత్రమే కావు. స్వప్ననిద్రలో పెద్దపాలు పోగొట్టుకొనుచున్నాడు.

నిద్రను నడుపు రెండు శక్తులు

నిద్ర ఎప్పుడు రావలెనో నిర్ణయించునవి రెండు గలవు. మొదటిది మెలకువ భారము. మనము మేల్కొనియున్నంతసేపు మెదడులో అడినోసిన్ అను పదార్థము కొద్దికొద్దిగా పేరుకొనుచుండును. అది పెరిగినకొలది నిద్ర ముంచుకొనివచ్చును; నిద్రించినచో అది తరుగును. కాఫీ, టీలలోని కెఫీన్ ఈ అడినోసిన్ చేరవలసిన స్థానములను తాను ఆక్రమించి నిద్రను అడ్డగించును. దానివలన భారము తగ్గదు; భారమున్నట్లు తెలియకుండును, అంతియే. త్రాగిన కెఫీనులో సగము దేహమునుండి పోవుటకు పెద్దవారిలో సుమారు 5 గంటలు పట్టును. అనగా సాయంకాలము 6 గంటలకు త్రాగిన టీలోని కెఫీను రాత్రి 11 గంటలకును సగము మిగిలియుండును.

రెండవది దేహములోని గడియారము. పొద్దు క్రుంకు వేళ నిద్రగన్నేరు చెట్టు ఆకులు ముడుచుకొనుట మనమందరము చూచినదే. వెలుగు పోవుటచేతనే అవి యట్లు ముడుచుకొనునా? 1729 లో ఫ్రాన్సు దేశపు జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు ద మెరాన్ అత్తిపత్తి జాతి మొక్కను ఎండ సోకని చీకటి చోట నుంచి చూచెను. వెలుగు లేకున్నను దాని ఆకులు పగటివేళ విచ్చుకొని రాత్రివేళ ముడుచుకొనెను. జీవులలోనే ఒక కాలమానము కలదని దీనివలన తోచెను. ఆ గడియారము కణములలో ఎట్లు నడచునో పండ్ల ఈగలపై పరిశోధించి కనుగొన్న జెఫ్రీ హాల్, మైకేల్ రాస్‌బాష్, మైకేల్ యంగ్ అను శాస్త్రజ్ఞులకు 2017 లో వైద్యశాస్త్రమున నోబెల్ బహుమానము లభించెను.

మానవునిలో ముఖ్యమైన గడియారము మెదడు అడుగుభాగమున హైపోథలమస్ అను చోట నున్నది. కంటిలో పడు వెలుగును బట్టి అది తన వేళను సరిదిద్దుకొనును. చీకటి పడగా పీనియల్ గ్రంథి మెలటోనిన్ అను హార్మోనును విడుచును. రాత్రి యైనదని దేహమంతటికి చాటు దండోరా యది. పడకపై కంటికి దగ్గరగా పట్టుకొన్న సెల్‌ఫోను వెలుగు ఆ దండోరాను ఆలస్యము చేయును. అందలి ఆటలును, చిత్రములును, కబుర్లును మనస్సును నెమ్మదింపనీయవు.

యౌవనారంభమున ఈ గడియారము కొంత వెనుకబడును. 14 ఏండ్ల బాలునికి రాత్రి 9 గంటలకు నిద్ర రాకుండుటయు, తెల్లవారుజామున లేపినను మెలకువ రాకుండుటయు పెంకితనము కాదు, వయోధర్మము. దీనిని గమనించియే అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రము 2019 లో చట్టము చేసి, 2022 జూలై నుండి ఉన్నత పాఠశాలలు చాలవరకు ఉదయము 8:30 గంటలకు ముందు ప్రారంభింపరాదని నిర్ణయించినది.

ఋణము తీర్పక తప్పదు

మన తెలుగు స్త్రీలు పాడుకొను పాటలలో ఊర్మిళాదేవి నిద్ర ప్రసిద్ధమైనది. శ్రీరాముని వెంట అడవికేగిన లక్ష్మణుడు 14 ఏండ్లు కన్ను మూయలేదనియు, ఆ 14 ఏండ్లును అయోధ్యలో ఊర్మిళ నిద్రించెననియు కథ. లక్ష్మణుని వంతు నిద్రను ఆమె తాను పుచ్చుకొన్నదని పెద్దలు చెప్పుదురు. ఈ కథలో ఒక నిజము దాగియున్నది. నిద్రను ఎగవేయుటకు వీలులేదు. ఎవరో ఒకరు చెల్లింపవలసినదే. లక్ష్మణునికి ఊర్మిళ యుండెను. మనకు అట్టివారెవ్వరును లేరు. మన ఋణమును మన దేహమే చెల్లింపవలెను.

1963 డిసెంబరు చివర అమెరికాలోని శాన్ డియేగో నగరమున రాండీ గార్డ్‌నర్ అను 17 ఏండ్ల విద్యార్థి, పాఠశాల విజ్ఞాన ప్రదర్శన కొరకు నిద్ర మానుకొని, 264 గంటలు, అనగా 11 దినములు, మేల్కొనియుండెను. నిద్రాశాస్త్రజ్ఞుడగు విలియం డిమెంట్ వచ్చి అతనిని పరిశీలించెను. దినములు గడచినకొలది అతనికి చిరాకు హెచ్చెను, జ్ఞాపకము తప్పెను, లేనివి ఉన్నట్లు తోచెను. పిమ్మట తొలిసారి పరుండినప్పుడు 14 గంటలకు పైగా నిద్రించెను. అయినను పోగొట్టుకొన్న గంటలన్నియు అతనికి తిరిగి రాలేదు. ఇట్టి సాహసములు అపాయకరములగుటచే గిన్నిస్ గ్రంథమువారు తరువాత వీనిని నమోదు చేయుట మానివేసిరి.

ఒక్క రాత్రి పూర్తిగా మేల్కొనుటకంటె దినదినము కొంచెముగా నిద్ర తగ్గించుకొనుట మరింత మోసకరము. 2003 లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమువారు ఒక పరిశోధన ప్రకటించిరి. అందు కొందరిని వరుసగా 14 దినములు రాత్రికి 6 గంటలో, 4 గంటలో మాత్రమే నిద్రింపనిచ్చిరి. నానాటికి వారి ఏకాగ్రత తగ్గుచు, ఒకటి రెండు రాత్రులు బొత్తిగా నిద్రలేనివారి స్థితికి దిగజారెను. విచిత్రమేమనగా, తమకు అంతటి లోపము కలిగినదని వారు గుర్తింపలేకపోయిరి. ‘నాకు 5 గంటలు చాలును, నేను అలవాటు పడితిని’ అని చెప్పువాని మాట ఎందుకు నమ్మరాదో దీనివలన తెలియుచున్నది. నిద్ర చాలని బుద్ధి తన లోపమును తాను కొలుచుకొనలేదు.

1997 లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు మరియొక విషయము వెల్లడించిరి. 17 గంటలు ఎడతెగక మేల్కొన్నవాని చేతి పనితనము, రక్తములో 0.05 శాతము మద్యమున్నవాని పనితనముతో సమానముగా తగ్గునట. మన దేశపు చట్టము ప్రకారము వాహనము నడపువాని రక్తములో మద్యము 0.03 శాతము మించరాదు. ఇక ఉదయము 5 గంటలకు లేచి పనిచేసి, రాత్రి 10 గంటల తరువాత బండి నడుపువాని మాట ఏమనవలెను? అతడు చుక్కయైన త్రాగకుండియు త్రాగినవానితో సమానుడే యగుచున్నాడు.

చదువునకు నిద్ర శత్రువు కాదు

విద్యార్థులకు ముఖ్యమైన సంగతి ఇది. 1924 లో కార్నెల్ విశ్వవిద్యాలయమున జెంకిన్స్, డాలెన్‌బాక్ అను శాస్త్రజ్ఞులు ఇద్దరు విద్యార్థులచేత అర్థములేని అక్షరముల జట్టులను కంఠస్థము చేయించిరి. కొన్నిసార్లు వల్లించిన వెంటనే వారిని నిద్రింపనిచ్చిరి. కొన్నిసార్లు మేల్కొని తమ పనులు తాము చేసికొననిచ్చిరి. 8 గంటల పిమ్మట అడిగి చూడగా, నిద్రించినప్పుడు దాదాపు సగము జ్ఞప్తియందు నిలిచెను. మేల్కొనియున్నప్పుడు చాల కొద్ది మాత్రమే నిలిచెను. ఆ తరువాత జరిగిన పరిశోధనలు పెక్కు దీనిని బలపరచినవి. పగలు నేర్చినది మొదట తాత్కాలికముగా నిలువయుండును. నిద్రించునప్పుడు మెదడు దానిని మరల మరల తిరుగవేసి స్థిరపరచును. ధాన్యము కళ్ళములో నూర్చిన మాత్రమున చాలదు, గాదెకు చేర్చవలెను. పగటి చదువు నూర్పు; రాత్రి నిద్ర గాదెకు చేర్చుట. రాత్రియెల్ల చదివి నిద్రింపక పరీక్షకు పోవువాడు పంటను కళ్ళములోనే విడిచినవాడు.

దేహమునకు కలుగు నష్టమును సామాన్యము కాదు. 1999 లో షికాగో విశ్వవిద్యాలయమువారు ఆరోగ్యవంతులగు 11 మంది యువకులను 6 రాత్రులు 4 గంటల చొప్పున మాత్రమే నిద్రింపనిచ్చిరి. అంతలోనే వారి దేహమునకు చక్కెరను సరిగా వినియోగించుకొను శక్తి తగ్గి, మధుమేహమునకు తొలిమెట్టువంటి స్థితి కనిపించెను. తిరిగి చాలినంత నిద్రించిన పిమ్మట అది చక్కబడెను. 2009 లో ప్రకటించిన మరియొక పరిశోధనలో 153 మంది ముక్కులలో జలుబు కలిగించు వైరసును చుక్కలుగా వేసి చూచిరి. రాత్రికి 7 గంటలకంటె తక్కువ నిద్రించు అలవాటు గలవారికి, 8 గంటలు లేదా అంతకంటె ఎక్కువ నిద్రించువారికంటె దాదాపు 3 రెట్లు అధికముగా జలుబు చేసెను.

ఎవరికి ఎంత నిద్ర కావలెను? అమెరికా నిద్రావైద్య సంఘము 2016 లో పిల్లల విషయమున ఇట్లు నిర్ణయించినది. 3 నుండి 5 ఏండ్ల శిశువులకు పగటి నిద్రతో కలిపి 10 నుండి 13 గంటలు. 6 నుండి 12 ఏండ్ల బాలబాలికలకు 9 నుండి 12 గంటలు. 13 నుండి 18 ఏండ్ల వారికి 8 నుండి 10 గంటలు. పెద్దలకు 7 గంటలకు తక్కువ కారాదు. మన పాఠశాలలో చదువు విద్యార్థులు తమ నిద్రను ఈ లెక్కతో సరిచూచుకొనవచ్చును.

నిద్రకు సంబంధించిన వ్యాధులు

‘ఆకలి రుచి యెరుగదు, నిద్ర సుఖమెరుగదు’ అని సామెత. ఆరోగ్యవంతునికి ఇది నిజమే. కాని పట్టుపరుపుపై పరుండినను నిద్ర రానివారును, రాత్రియంతయు నిద్రించియు పగలు తూగువారును గలరు. వీరిది వ్యాధి, దానికి పేరు గలదు, చికిత్స గలదు.

మొదటిది నిద్రలేమి. నిద్ర పట్టకుండుట, పట్టినను నడుమ మెలకువ వచ్చి మరల పట్టకుండుట, తెల్లవారకముందే మెలకువ వచ్చుట దీని రూపములు. వారమునకు 3 రాత్రులైనను, 3 నెలలకు పైగాను ఇట్లుండి పగటి పనులు చెడినచో అది దీర్ఘవ్యాధియగును. చింత, దిగులు, నొప్పి, కొన్ని మందులు దీనికి కారణములు. నిద్ర రాదేమోయను భయమే నిద్రను తరుముట ఇందలి విశేషము. నిద్రమాత్రలు దీనికి మొదటి చికిత్స కావు. పడకను, ఆలోచనలను, వేళలను క్రమపరచు శిక్షణయే మొదటి చికిత్సగా నుండవలెనని అమెరికా వైద్యుల కళాశాల 2016 లో నిర్దేశించినది. వైద్యుని అడుగక మాత్రలు కొని మింగుట ఎన్నడును తగదు.

రెండవది నిద్రలో ఊపిరి ఆగుట. గొంతులోని మెత్తని భాగములు జారి గాలిత్రోవను మూయుటచే, 10 సెకండ్లు గాని అంతకంటె ఎక్కువ గాని ఊపిరి నిలిచిపోవును. దేహము ఉలికిపడి గురకతో మరల ఊపిరి తీయును. రాత్రికి ఇట్లు పదులసార్లు, వందలసార్లు జరుగవచ్చును. రోగికి ఇది తెలియదు, ప్రక్కవారికే తెలియును. పెద్దగా గురక పెట్టుట గాఢనిద్రకు గుర్తని మనవారు తలంతురు. నిజమునకు అది తెగితెగి వచ్చు నిద్ర కావచ్చును. దీనివలన రక్తపుపోటు, గుండెజబ్బులు హెచ్చును. 1981 లో ఆస్ట్రేలియా వైద్యుడు కాలిన్ సలివన్ ముక్కునకు తొడుగు అమర్చి, ఎడతెగక గాలిని పంపి త్రోవ మూతపడకుండ చేయు యంత్రమును ప్రకటించెను. నేడు లోకమంతట దానిని వాడుచున్నారు. పిల్లలలో ఈ వ్యాధికి టాన్సిల్స్, అడినాయిడ్లు వాచియుండుట ముఖ్యకారణము. నోరు తెరచి నిద్రించుచు, గురక పెట్టుచు, పగలు చిరాకు పడుచు చదువులో వెనుకబడు బాలుని చెవి-ముక్కు-గొంతు వైద్యునికి చూపవలెను.

మూడవది కాళ్ల తహతహ. పరుండగనే పిక్కలలో పురుగులు ప్రాకినట్లు, పీకినట్లు తోచి కాళ్లు కదపనిదే ఉండలేరు. స్వీడన్ వైద్యుడు ఎక్‌బామ్ 1945 లో దీనిని సవిస్తరముగా వర్ణించెను. దేహములో ఇనుము తక్కువగుట దీనికి ఒక కారణము. రక్తహీనత హెచ్చుగా నున్న మన స్త్రీలు, బాలికలు దీనిని గమనింపవలెను.

నాలుగవది నార్కోలెప్సీ. రాత్రి ఎంత నిద్రించినను పగలు ఆపుకొనలేని నిద్ర వచ్చును. పకపక నవ్వునప్పుడు మోకాళ్లు సడలి కూలబడుటయు కలదు. 1998 లో కనుగొన్న ఒరెక్సిన్ అను మెదడు పదార్థము లోపించుట పెక్కురిలో దీనికి మూలము. ఇది అరుదు, కాని యౌవనమున మొదలగుటచే సోమరితనమని పొరబడుదురు.

తరువాత, నిద్రలో నడచుట, నిద్రలో కెవ్వున అరచుట పిల్లలలో కనిపించును. ఇవి గాఢనిద్రనుండి అరకొరగా లేచుటవలన కలుగును. ఉదయము వారికి ఏమియు జ్ఞప్తి యుండదు. చాలమందికి వయస్సుతో ఇవి తామే తగ్గును. గాలి సోకినదనియు, దిష్టి తగిలినదనియు బిడ్డను బాధింపరాదు. మెల్లగా పడకకు చేర్చి, మెట్లకును తలుపులకును జాగ్రత్త వహించిన చాలును. మెలకువ వచ్చియు కాలు చేయి కదపలేక, గుండెలపై ఎవరో కూర్చున్నట్లు తోచు మరియొక అవస్థ కలదు. దయ్యము తొక్కినదని భయపడుదురు. స్వప్ననిద్రలో కండరములకు కలుగు కట్టుబాటు, మనస్సు మేల్కొన్న పిమ్మటను కొన్ని క్షణములు విడువకుండుటయే దీనికి కారణము. నిద్ర చాలనివారికి ఇది హెచ్చుగా వచ్చును.

మన యూరి సంగతి

ఇంతవరకు చెప్పినవి ఎల్లరకు వర్తించునవి. మన షోలాపురమునకు మరికొన్ని చిక్కులు గలవు. మరమగ్గముల కడ రాత్రి షిఫ్టు చేయువారు పగలు నిద్రింపవలెను. దేహములోని గడియారము పగలు మెలకువనే కోరును గనుక వారి నిద్ర చిన్నది, పలుచనిది యగును. రాత్రి షిఫ్టు పనిని మానవులకు కేన్సరు కలిగించుటకు అవకాశము గలవానిలో ఒకటిగా అంతర్జాతీయ కేన్సరు పరిశోధనా సంస్థ 2007 లో చేర్చి, 2019 లో మరల పరిశీలించి అట్లే నిలిపినది. పని మానుకొనుడని చెప్పుట సులభము కాదు. కాని రాత్రి శ్రమించి వచ్చిన తండ్రి నిద్రించు వేళ ఇంటివారు కిటికీకి ముదురు తెర కట్టి, టీవీ ఆపి, సద్దు చేయకుండుట సులభమే. షిఫ్టు ముగించి ఇంటికి వచ్చునప్పుడు వేగముగా బండి నడపకుండుట అంతకంటె ముఖ్యము. నిద్రకొరకని మద్యము త్రాగుట పొరబాటు. అది త్వరగా కునుకు తెప్పించినను, రాత్రి ఉత్తరభాగమున నిద్రను చెదరగొట్టును. ఊపిరి ఆగు వ్యాధిని పెంచును.

బీడీలు చుట్టుచు ఇంటిపనియు చేసికొను తల్లులు అందరికంటె వెనుక పరుండి అందరికంటె ముందు లేతురు. పాత్రలు తోముట, నీళ్లు పట్టుట యిందు కుమారులును కుమార్తెలతోపాటు చేయి వేసినచో, ఆ తల్లికి ఒక గంట నిద్ర దానము చేసినవారగుదురు.

చప్పుడును నిద్రకు శత్రువే. రాత్రివేళ పడకగదిలో ధ్వని 30 డెసిబెళ్లు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999 లో సూచించినది. మన దేశమున 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమముల ప్రకారము రాత్రి 10 గంటలనుండి ఉదయము 6 గంటలవరకు బహిరంగ ప్రదేశములలో ధ్వనివర్ధకములను వాడరాదు. కొన్ని పండుగ దినములకు మాత్రము ప్రభుత్వము సడలింపు నీయవచ్చును. ఢిల్లీ రాంలీలా మైదానమున 2011 లో జరిగిన సంఘటనపై సర్వోన్నత న్యాయస్థానము 2012 లో తీర్పు చెప్పుచు, నిద్రయు జీవించు హక్కులో భాగమేయని గుర్తించినది. పొరుగింటివాని నిద్రను గౌరవించుట మర్యాద మాత్రమే కాదు, ధర్మము కూడను.

పాటింపదగిన నియమములు

1. ప్రతిదినము ఒకే వేళకు లేవవలెను. ఆదివారము సైతము గంటకంటె హెచ్చు తేడా యుండరాదు.

2. లేచిన వెంటనే కొంతసేపు ఆరుబయట వెలుగులో నుండవలెను. దేహములోని గడియారము దానితో సరిపడును.

3. మధ్యాహ్నము దాటిన పిమ్మట కాఫీ, టీలు మానుట మేలు. పొగాకు ఏ రూపమున నైనను నిద్రను చెరుచును.

4. రాత్రి భోజనము పరుండుటకు రెండు మూడు గంటల ముందు ముగింపవలెను.

5. పరుండుటకు ఒక గంట ముందు సెల్‌ఫోనును ఇంటిలో వేరుచోట పెట్టవలెను. ఒకే గది గల ఇంటిలో పెద్దలును ఈ నియమమును పాటించిననే పిల్లలు పాటింతురు.

6. పగటి కునుకు 20, 30 నిమిషములు మించరాదు; సాయంకాలము పనికిరాదు.

7. పరుండి 20 నిమిషములైనను నిద్ర రానిచో గడియారము చూచుచు పొర్లక, లేచి మసక వెలుగులో కూర్చుండి, నిద్ర వచ్చినప్పుడు మరల పరుండవలెను.

8. పరీక్ష ముందటి రాత్రి క్రొత్త పాఠము ముట్టరాదు. చదివినదానిని ఒకమారు తిరుగవేసి, వేళకు పరుండవలెను.

విద్యార్థులారా! ఈ సంచిక మీ చేతికందిన దినము మొదలు 7 దినములు ఒక కాగితముపై పరుండిన వేళ, లేచిన వేళ, తరగతిలో తూగు వచ్చిన వేళ వ్రాసికొనుడు. మీ ఋణమెంతయో మీకే తెలియును. అది ఒక్క ఆదివారముతో తీరునది కాదు. రాత్రికి అరగంట, గంట చొప్పున ముందుగా పరుండి తీర్చుకొనుడు.

తల్లిదండ్రులారా, ఉపాధ్యాయులారా! తరగతిలో కన్ను మూతపడిన బిడ్డను దండించుటకు ముందు మూడు ప్రశ్నలు అడుగుడు. రాత్రి ఎన్ని గంటలకు పరుంటివి? నిద్రలో గురక పెట్టుదువని ఇంటివారు చెప్పుదురా? పరుండినప్పుడు కాళ్లు పీకునా? ఆ బిడ్డ తెల్లవారుజామున తల్లికి పనిలో సాయపడి వచ్చియుండవచ్చును. మగ్గముల చప్పుడులో కలతనిద్ర పోయి వచ్చియుండవచ్చును. గొంతులో టాన్సిల్స్ వాచి రాత్రియెల్ల ఊపిరికొరకు పెనగులాడి వచ్చియుండవచ్చును. సోమరితనమును బెత్తము మాన్పునో లేదో గాని, వీనిలో ఏ ఒక్కదానిని అది మాన్పజాలదు. మూడు ప్రశ్నలు మాన్పవచ్చును.